ఇంట్లో ఒక్క పొత్తిగుడ్డ దొరకలేదు

మా చెల్లి పురిటికి జైపూర్ వచ్చింది, రాజస్థాన్‌ది కాదు, ఒడిశాలోని మా జైపూర్. పాపని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు సాలూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ కాళ్లూ చేతులూ కడుక్కుని నేరుగా గదిలోకి వచ్చి, "పాత మెత్తటి నూలు గుడ్డలేవైనా ఉంటే ఇవ్వండే, పొత్తిగుడ్డలు చింపుతాను" అంది. ఇంత చిన్న పని, ఒక్క నిమిషంలో అయిపోతుందనుకున్నాం. నేనూ అమ్మా రెండు బీరువాలు తీశాం, మంచం కింద ట్రంకు పెట్టె లాగాం, మేడ మీద సామాన్ల గదిలో మూటలు విప్పాం. బట్టలు గుట్టలుగా ఉన్నాయి. దుప్పట్లే పదిహేను దాకా తేలాయి. అందులో పెద్దమ్మ చేతికి నచ్చింది ఒక్కటీ లేదు.

ఒక్కో దుప్పటినీ రెండు వేళ్ల మధ్య నలిపి చూసి పక్కన పడేస్తోంది. "ఇది నూలు కాదు. ఇదీ కాదు. ఇందులో సగమే." నేను ఒప్పుకోలేదు. రెండేళ్ల క్రితం ఒక షాపులో ప్యూర్ కాటన్ అని, మగ్గం మీద నేసిందని చెప్పి అమ్మితే కొన్న దుప్పటి అది, రేటు కూడా బాగానే పెట్టాను. పెద్దమ్మ వాదించలేదు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించి చూపించింది. నూలు పోగైతే కాగితంలా కాలి, ముట్టుకుంటే పొడైపోయే బూడిద మిగులుతుంది. ఇది ముడుచుకుపోయింది, కరిగింది, చివర నల్లగా చిన్న ఉండ కట్టింది. చల్లారాక ఆ ఉండని గోటితో నొక్కితే గట్టిగా, ప్లాస్టిక్ పూసలా ఉంది. దాని మీదే మేం రెండు వేసవులు పడుకున్నాం, చెమట పడుతోందని ఫ్యాన్ మీద విసుక్కుంటూ.

"ఏటే, ఇల్లంతా బట్టలే, పిల్లదానికి ఒక్క గుడ్డ లేదేటే?" అంది పెద్దమ్మ. కోపంగా అనలేదు, నిజంగా ఆశ్చర్యపోయి అంది. ఆ మాట నాకు చాలా గట్టిగా తగిలింది.

చివరికి దొరికింది నాన్న తువ్వాలు. స్నానాల గది తలుపు వెనక మేకుకి ఎప్పుడూ వేలాడుతుంటుంది, ఉందన్న సంగతి కూడా మాకెవరికీ గుర్తుండదు. నేను పదో తరగతి చదివే ఏడు నాన్న జైపూర్ బజార్లో కొన్నది, మాకు దగ్గర్లోని ఊరు కోట్‌పాడ్ నేత. మీగడ రంగు నేల, ముదురు ఎరుపు అంచు, రెండు చివర్లా వరసగా పీత బొమ్మలు. ముప్పై ఏళ్లలో అది ఎన్నిసార్లు ఉతుక్కుందో, ఎన్ని బండరాళ్ల మీద బాదించుకుందో లెక్కే లేదు. మధ్యలో పల్చబడి వెలుతురు కనిపిస్తోంది. అంచు ఎరుపు మాత్రం ఇంకా ఎరుపే. పెద్దమ్మ దాన్ని చెంపకి ఆనించుకుని, "ఇదీ గుడ్డంటే" అని నాన్నని అడగను కూడా అడగకుండా నాలుగు ముక్కలు చింపింది. నాన్న ఏమీ అనలేదు. చింపుతున్నప్పుడు మొహం కాస్త పక్కకి తిప్పుకోవడం మాత్రం నేను చూశాను.

చెల్లి "అక్కా, డైపర్లు తెచ్చుకున్నాం కదా, ఎందుకీ హడావిడి" అంటూనే ఉంది. డైపర్లు రాత్రిళ్లు వేశారు. కానీ ఒళ్లు తుడవడానికి, తల కింద వేయడానికి, చుట్టి ఎత్తుకోవడానికి గుడ్డ కావాలి కదా, దానికి వేరే దారి లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనసులోనే ఇల్లంతా తిరిగి లెక్కేసుకున్నాను. ఇడ్లీ రేకుల మీద వేసే గుడ్డ, పెరుగు వేలాడగట్టే గుడ్డ, పొయ్యి దగ్గర మసిగుడ్డ, దేవుడి గూట్లో పరిచే గుడ్డ, పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత, ఇవన్నీ మన ఇళ్లలో ఎప్పుడూ విడిగా కొన్న వస్తువులు కావు. పెద్ద గుడ్డ పాతబడితే చిన్న గుడ్డ అయ్యేది. పంచె తువ్వాలయ్యేది, తువ్వాలు ఇడ్లీ గుడ్డయ్యేది, ఆ తర్వాత మసిగుడ్డయ్యి, చివరికి మట్టిలో కలిసిపోయేది. పాలిస్టర్ దుప్పటి చిరిగితే దేనికీ పనికిరాదు. నీళ్లు పీల్చుకోదు, వేడి గిన్నె పట్టుకుంటే అతుక్కుంటుంది, ఇడ్లీ రేకు మీద వేయడానికి ఎవరికీ మనసు రాదు. దుప్పట్లు మారాయని మనకి తెలుసు. వాటితోపాటు ఈ వరసంతా తెగిపోయిందని నేను ఆ రోజు దాకా గమనించలేదు.

పురుడు వెళ్లాక ఒక ఆదివారం నేనూ నాన్నా కోట్‌పాడ్ వెళ్లాం. మా జైపూర్ నుంచి అదే రోడ్డు, బొరిగుమ్మ దాటాక వస్తుంది, ఇంకా ముందుకి వెళ్తే జగదల్‌పూర్. సాలూరు ఘాటీ ఎక్కి వచ్చే లారీలన్నీ రాయపూర్‌కి ఈ దారినే పోతాయి కాబట్టి మేమందరం కోట్‌పాడ్ మీదుగా వందసార్లు వెళ్లి ఉంటాం. ఆగింది మాత్రం లేదు. ఇంత దగ్గర ఉండి కూడా ఆగలేదంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

అక్కడ నేసేవాళ్లు మిర్గాన్ కులస్థులు, పణికాలు అని కూడా అంటారు. వీళ్లు తరతరాలుగా నేసింది ఊరి పెద్దల కోసమో దేవుడి గుడుల కోసమో కాదు, చుట్టుపక్కల భత్రా, పరజా, గదబ, ధురువ ఆదివాసీలు రోజూ కట్టుకునే బట్ట. పొలంలో కట్టుకుని దిగే చీర, భుజాన వేసుకునే తువ్వాలు, చలికి కప్పుకునే దుప్పటి. అందుకే బట్ట మందంగా ఉంటుంది, నూలు లావుగా ఉంటుంది. బట్ట మీద బొమ్మలు కూడా ఆ జనం చుట్టూ ఉన్నవే: పీత, చేప, శంఖం, పడవ, గొడ్డలి, విసనకర్ర.

రంగులు మూడే. వెలిసినట్టుండే మీగడ తెలుపు, అది అద్దకం లేని నూలు. ఎరుపు, అది ఇటుక రంగు దగ్గర్నుంచి ముదురు తాంబూలం రంగు దాకా పోతుంది. ఇంకోటి కాఫీ గింజలాంటి నల్ల గోధుమ. ఎరుపూ నలుపూ రెండూ ఒకే చెట్టు వేరు నుంచి వస్తాయి. ఆల్ చెట్టు అంటారు ఇక్కడ. నేను ఆ పేరు చెప్పగానే నాన్న, "తొగరు కదా అది!" అన్నారు. తొగరు అంటే చెట్టు, తొగరు అంటే ఎరుపు కూడా, మన నిఘంటువుల్లో రెండర్థాలూ ఉన్నాయి. మా మామ్మ ఏదైనా బట్ట ఎర్రగా ఉంటే "తొగరు రంగు" అనేదట. రంగుకి చెట్టు పేరు పెట్టేంతగా ఒకప్పుడు మన వాళ్లకీ ఈ చెట్టు తెలుసు.

మేం వెళ్లిన ఇంట్లో నేసే పని మొగుడిది, అద్దకం పని భార్యది. ఆవిడని మౌసీ, అంటే పిన్నీ అని పిలిచాను, ఆవిడ నన్ను నోనీ, అంటే అమ్మాయీ అంది. ఆవిడ ఇక్కడి వాళ్ల మాట దేసియాలో చెప్తుంటే నాన్న మధ్యమధ్య తెలుగులో అందించారు. ఆవిడ చెప్పింది విన్నాక, చూసిందాన్నిబట్టి నాకు అర్థమైంది రాస్తాను.

నూలు తెచ్చి వెంటనే రంగులో ముంచితే అంటదు. చెట్టు వేరు రంగు నూలుకి సులువుగా పట్టేది కాదు. ముందు నూలుని తయారు చేయాలి. ఆవు పేడ కలిపిన నీళ్లు, కట్టెల బూడిద తేర్చిన నీళ్లు, ఆముదం, వీటిలో నానబెట్టి, చేతులతో పిసికి, రాతి మీద రుద్ది, ఎండలో ఆరబెట్టాలి. మళ్లీ తడపాలి, మళ్లీ పిసకాలి, మళ్లీ ఎండబెట్టాలి. ఇలా రోజుల తరబడి, మొత్తం అద్దకం అయ్యేసరికి దాదాపు నెల. బూడిద నీళ్లలో ఉండే క్షారం ఆముదాన్ని విరిచి నూలు లోపలికి పంపిస్తుంది, ఆ నూనె తర్వాత రంగుని పట్టి ఉంచుతుంది. వానాకాలం వస్తే ఈ పని కుంటుతుంది, ఎండ లేకపోతే నూలు ఆరదు. ఆవిడ అరచేతులు చూశాను, గీతల్లో ఎరుపు శాశ్వతంగా ఉండిపోయింది.

తర్వాత వేరు. రంగంతా వేరు బెరడులో ఉంటుంది. మరీ లేత వేరులో రంగు తక్కువ, మరీ ముదిరి లావైన వేరులో కూడా తక్కువ, మధ్య రకం కావాలి. బెరడు ఒలిచి ఎండబెట్టి దంచి, ఆ పొడితో కుండలో నూలుని కాగబెడతారు. పొడి ఎక్కువైతే రంగు ముదురుతుంది. నలుపు కావాలంటే అదే రంగులో హీరాకసి, అంటే అన్నభేది, కలుపుతారు. ఇనుము తగలగానే ఎరుపు కాస్తా నల్ల గోధుమ అవుతుంది. చివర్న ఏటి నీళ్లలో జాడిస్తారు.

ఈ వేరు రంగు ఒక్క కొండ ఊళ్లకే పరిమితమైన సంగతి కాదు. ఒకప్పుడు మన దేశంలో చాలా చోట్ల తొగరుని పొలాల్లో పంటగా వేసి, మూడు నాలుగేళ్లకి తవ్వి వేర్లు అమ్మేవాళ్లు. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మంజిష్ఠ జాతి వేరు నుంచి వచ్చే ఎరుపుని ప్రయోగశాలలో తయారు చేశారు, ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే వేరు పంటలన్నీ కుప్పకూలాయి. నెల పట్టే పని గంటలో అవుతుంటే ఎవరు ఆగుతారు? కోట్‌పాడ్ ఆగింది. ఎందుకు ఆగిందని నేను అడిగితే మౌసీ చాలా మామూలుగా చెప్పింది: కొండ మీది వాళ్లు వేరే రంగు తీసుకోరు, వెలిసిపోయే బట్ట తెస్తే తిరిగి మొహాన కొడతారు. ఈ కళని ఇన్నాళ్లు బతికించింది ఆ కొనేవాళ్ల పట్టుదలే అని నా గట్టి నమ్మకం. నగరాల్లో మెచ్చుకునేవాళ్లు చాలా ఆలస్యంగా వచ్చారు.

గుర్తింపు రాకపోలేదు. కోట్‌పాడ్ చేనేతకి 2005లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, ఒడిశాలో ఆ గుర్తింపు అందుకున్న మొదటి వస్తువు ఇదే. ఈ ఊరి నేత కళాకారుడు గోవర్ధన్ పణికాకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ రోజు జైపూర్లో కూడా అందరం సంతోషపడ్డాం. కానీ మేం వెళ్లిన ఇంట్లో మగ్గం మీద ఉన్నది ఢిల్లీ ఎగ్జిబిషన్‌కి వెళ్లే స్టోల్. ఇంకో మగ్గం మీద ఖరీదైన చీర. తువ్వాలు ఉందా అంటే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఎవరైనా అడిగితే నేస్తాం, అడిగేవాళ్లు లేరు అన్నారు. నెల రోజులు నూలుని తయారు చేసి, ఆ నూలుతో తువ్వాలు నేస్తే ఎంత వస్తుంది, అదే నూలుతో స్టోల్ నేస్తే ఎంత వస్తుంది? వాళ్లని ఒక్క మాట కూడా అనడానికి లేదు. కొండ ఊళ్ల వాళ్లు కూడా సంతలో సింథటిక్ చీరలు, ప్రింటు లుంగీలు కొనుక్కుంటున్నారు, చవక కదా మరి. అడగాల్సింది మనలాంటి వాళ్లం. దగ్గర్లో ఉన్నవాళ్లం, నెలకి ఏదో ఒక బట్ట కొనేవాళ్లం, పాలిస్టర్‌కి కూడా డబ్బు పోసేవాళ్లం.

చట్టం కూడా ఉంది. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం కింద కొన్ని రకాల వస్తువులు మగ్గం మీదే నేయాలి, మరమగ్గం మీద నేయకూడదు. ఇప్పుడు ఆ జాబితాలో 11 రకాలున్నాయి. చీర, పంచెలతో పాటు కొన్ని రకాల తువ్వాళ్లు, లుంగీలు, దుప్పట్లు, జంపఖానాలు, కంబళ్లు కూడా అందులో ఉన్నాయి. అంటే మన రోజువారీ గుడ్డే చేనేతకి ప్రాణమని ఆ చట్టం రాసినవాళ్లకి తెలుసు. కానీ బజార్లో ఏది మగ్గానిదో ఏది మరమగ్గానిదో అడిగి కొనేది ఎంతమంది? నేను అడిగాను, అబద్ధం చెప్పారు, నమ్మాను. ఇప్పుడైతే కనీసం నూలేనా కాదా అని పోగు లాగి కాల్చి చూస్తాను, మగ్గానిదో మరమగ్గానిదో దాంతో తెలియదు కానీ. అంచు దగ్గర ఒక్క పోగు ఇవ్వమంటే మంచి దుకాణదారు ఎవరూ కాదనరు, కాదంటే అక్కడ కొనక్కర్లేదు. ఇంకోటి చూసుకోవాల్సింది కౌంటు, నూలు ఎంత సన్నమో చెప్పే అంకె. ఒక పౌను బరువుకి 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని తూగితే నూలు అన్నో కౌంటు. అంకె పెద్దదైతే నూలు సన్నం, చిన్నదైతే లావు. ఒంటికి చీర కావాలంటే సన్న నూలు చూసుకోండి, తువ్వాలుకీ దుప్పటికీ లావు నూలే హాయి, నీళ్లు బాగా పీలుస్తుంది. సన్నగా ఉంటేనే మంచిదని మనకి ఎవరో నేర్పారు.

ఈ మాట మా అమ్మ ముందు అంటే ఒప్పుకోదు, ఆవిడ పుట్టిల్లు పొందూరు పక్కన. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వంద కౌంటు దాకా వడికే ఊరు అది. అంత సన్న నూలు చూసిన కళ్లకి కోట్‌పాడ్ బట్ట గోనెలా కనిపిస్తుంది. పొందూరు పంచెకి దక్కాల్సిన గౌరవం దక్కుతూనే ఉండాలి. కానీ పెళ్లిలో కట్టే పంచె వేరు, రోజూ ఒళ్లు తుడుచుకునే గుడ్డ వేరు. రెండోదాని కోసం ఎవరూ మాట్లాడట్లేదనే నా బాధ.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న కారులో ఒనకడిల్లి కబుర్లు చెప్పారు. మాచ్‌ఖండ్ జల విద్యుత్ ప్రాజెక్టులో ఆయన ఉద్యోగం అక్కడే, 1955లో కరెంటు మొదలైన ప్రాజెక్టు అది, ఆంధ్రా ఒడిశా రెండూ కలిసి కట్టింది. అందుకే ఆ క్వార్టర్సులో సగం తెలుగే వినపడేది, నా చిన్నతనం అక్కడే గడిచింది. గురువారం సంతకి కొండ మీద నుంచి బోండా వాళ్లు, గదబ వాళ్లు దిగేవారు. గదబ ఆడవాళ్లు కట్టుకునే చారల గుడ్డని కెరంగ్ అంటారు. అది పత్తి కూడా కాదు, కెరంగ్ అనే పొద కాడల నార. కాడలు కోసి, నార తీసి, పోగులు చేసి, ఎరుపు, నీలం, తెలుపు చారలతో ఆడవాళ్లే నేసుకునేవారు. బోండా ఆడవాళ్లు నడుముకి చుట్టుకునే రింగా కూడా నార బట్టే. నాకు బాగా గుర్తు, ఒక గదబ అవ్వ తన గుడ్డ అంచు నా చేతిలో పెట్టి ముట్టుకోనిచ్చింది. గోగునార తాడులా గట్టిగా, చల్లగా ఉంది. ఇప్పుడు ఆ సంతకి కెమెరాలు పట్టుకుని వచ్చి మనుషుల మొహాల మీదకి ఫోకస్ పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు ఆ బట్ట గురించి ఒక్క ప్రశ్న అడగరు. నార గుడ్డ నేసేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ, నేసినా బజారు నూలే ఎక్కువ వాడుతున్నారు.

మేం ఆ రోజు మౌసీకి నాలుగు తువ్వాళ్లు, రెండు దుప్పట్లు చెప్పి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాం. రేటు విని నాన్న ఒక్క క్షణం ఆగారు, బజారు తువ్వాళ్లు మూడొచ్చే డబ్బు ఒక్కదానికి. తర్వాత ఆయనే అన్నారు, "ముప్పై ఏళ్లలో బజారువి ఎన్ని కొనేవాణ్ణి?" నెలన్నర పట్టింది, ఎందుకంటే మధ్యలో వారం రోజులు వాన పట్టింది. తీసుకురావడానికి వెళ్తే మౌసీ మడతపెట్టి పాత పేపర్లో చుట్టి ఇచ్చింది. విప్పగానే ఆముదం వాసన. కొత్తలో ఉంటుంది, నాలుగైదు ఉతుకులకి పోతుంది. చల్లటి నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి గంజి వదిలించాలి, సబ్బు పొడి కాకుండా కుంకుడు రసమో తేలిక సబ్బో వాడాలి, మొదటి రెండుసార్లు విడిగా ఉతకాలి, నీడలో ఆరేయాలి. ఇంతకంటే పెద్ద సేవలేమీ అక్కర్లేదు.

నేను ఆత్రంగా ఒక తువ్వాలు పాపకి కప్పబోతే పెద్దమ్మ ఫోన్లోనే గట్టిగా ఆపింది. "కొత్తది గరుకుగా ఉంటాది, దానికి వెయ్యకు. మీ నాన్నని వాడమను ముందు. గుడ్డ మనిషి ఒంటి మీద నలగాలి." కొత్త నూలు గుడ్డ ఎంత మంచిదైనా పొత్తిగుడ్డ కాదట. ఇంట్లో పెద్దవాళ్లు ఏళ్ల తరబడి వాడితేనే అది పిల్లలకి పనికొచ్చే మెత్తదనానికి వస్తుంది. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఎవరూ ఆ పని చేయలేదు కాబట్టే ఆ రోజు గుడ్డ లేకపోయింది.

ఇప్పుడు పాపకి ఆరో నెల. చింపిన నాలుగు ముక్కల్లో రెండు చిరిగిపోయాయి, రెండు ఇంకా వాడుతున్నాం. కొత్త తువ్వాలు స్నానాల గది మేకు మీదకి వెళ్లింది, నాన్న రోజూ వాడుతున్నారు. ఇంకా గరుకే. నిన్న ఆయన దాన్ని భుజాన వేసుకుని పాపని ఎత్తుకుంటే, అది అంచు మీద పీత బొమ్మని పిడికిట్లో పట్టుకుని నోట్లోకి లాక్కుంది, ఎంత విడిపించినా వదల్లేదు.